పద్యనాటకం రికార్డింగులో టక్ టక్ చప్పుడు, పెదవులకు అందని మాట: శాంపిల్ రేటు, క్లాక్ సమస్యలపై సలహా కావాలి

సింహపురి శ్రోత (నెల్లూరు):

అందరికీ నమస్కారం. నెల్లూరు పురమందిరంలోను, చుట్టుపక్కల ఊళ్ల తిరునాళ్లలోను జరిగే పౌరాణిక పద్యనాటకాలను విడివిడి ట్రాకులుగా రికార్డు చేసి, వీడియోతో కలిపి నాటక సమాజాల వారికి అందిస్తూ ఉంటాను. మొదట ఎనిమిది మైకుల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ (మైకులను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) ఒక్కటే ఉండేది. రంగస్థలం ముందు మైకులు, పైనుంచి వేలాడే మైకులు, హార్మోనియం, తబలా, క్లారినెట్ అన్నీ కలిస్తే ఎనిమిది చాలడం లేదు కనుక, ఈ మధ్య మరొక ఎనిమిది చానళ్ల ప్రీఆంప్ (మైకు సంకేతాన్ని పెంచే పెట్టె) కొని, దాని ఆప్టికల్ అవుట్ నుండి ఇంటర్‌ఫేస్ ఆప్టికల్ ఇన్‌కు ఏడాట్ పద్ధతిలో (ఒకే కాంతి తీగలో ఎనిమిది చానళ్ల డిజిటల్ శబ్దం వెళ్లే పద్ధతి) ఒక కేబుల్ కలిపాను. రెండింటిలోనూ శాంపిల్ రేటు (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్క) 48 కిలోహెర్ట్‌జ్ అనే చూపిస్తోంది. విండోస్ లాప్‌టాప్, రీపర్ రికార్డింగు సాఫ్ట్‌వేర్, బఫర్ (శబ్దాన్ని కంప్యూటర్ పోగుచేసుకునే తాత్కాలిక నిల్వ) 256 శాంపిళ్లు.

ఇప్పుడు నన్ను వేధిస్తున్నవి మూడు. మొదటిది, కొత్త ప్రీఆంప్ ద్వారా వచ్చే చానళ్లలో మాత్రమే సుమారు రెండు సెకన్లకు ఒకసారి "టక్" మని సన్నని చప్పుడు వస్తోంది. తబలా వాయిస్తున్నప్పుడు దాన్ని పట్టుకోవడం కష్టం గాని, పద్యం చివర నటుడు రాగం తీస్తున్నప్పుడు, హార్మోనియం ఒకే స్వరం మీద నిలిచినప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. రెండవది, నాటకం మొదట్లో పెదవులకూ మాటకూ చక్కగా కుదిరిన వీడియో, రెండు గంటలు గడిచేసరికి మాట ముందు, పెదవులు తరువాత అన్నట్లు తయారవుతోంది. చివర్లో తేడా సుమారు 0.3 సెకను ఉంది. పక్క నుండి ఒక ఫోనుతో తీసిన దృశ్యాలైతే ఏ లెక్కకూ అందడం లేదు. మూడవది, ఒంగోలులోని ఒక స్టూడియో నుండి ఒక పాట ఫైలు వచ్చింది. అయిదు శ్రుతిలో (హార్మోనియం మీద అయిదో తెల్ల మెట్టును ఆధార స్వరంగా పెట్టుకుని) పాడించామని వారు చెబుతున్నారు, నా దగ్గర తెరిస్తే శ్రుతి పైకి పోయింది. నా హార్మోనియంతో సరిచూస్తే అయిదున్నరకూ కలవదు, ఆరుకూ కలవదు.

విడిగా ఒక మాస్టర్ క్లాక్ పెట్టె (పరికరాలన్నిటికీ ఒకే తాళం ఇచ్చేది) కొంటే మూడూ పోతాయని ఒకరు, 96 కిలోహెర్ట్‌జ్‌కు మారితే చాలని మరొకరు చెబుతున్నారు. డబ్బు పెట్టే ముందు మీ అందరి అభిప్రాయం తెలుసుకోవాలని అడుగుతున్నాను.

ఒంగోలు మైకు:

శ్రోత గారూ, మీరు చెప్పిన మూడు ఇబ్బందులకూ "క్లాక్" అనే మాట వర్తిస్తుంది గాని, వాటి మూలాలు వేరు వేరు. ఒకే మందుతో మూడూ తగ్గుతాయని చెప్పేవారి మాట పక్కన పెట్టండి. నేను మొదటిదాని గురించి రాస్తాను.

మీ ఇంటర్‌ఫేస్‌లో శాంపిళ్ల వేగాన్ని నిర్ణయించే ఒక క్రిస్టల్ ఉంది, ప్రీఆంప్‌లో మరొకటి ఉంది; క్లాక్ అనేది దీని నడకే. రెండింటి మీదా 48,000 అని రాసి ఉన్నా, ఏ రెండు క్రిస్టళ్లూ సరిగ్గా ఒకే వేగంతో నడవవు. ఒకే పద్యానికి ఇద్దరు ఒకరినొకరు వినకుండా తాళం వేస్తే ఎలా ఉంటుందో మీ రెండు పెట్టెల పరిస్థితి అలా ఉంది. పది లక్షలకు 10 వంతుల తేడా ఉందనుకోండి, అది చాలా మామూలు తేడా. సెకనుకు 48,000 శాంపిళ్లలో అది 0.48 శాంపిల్ అవుతుంది, అంటే రెండు సెకన్లు దాటగానే ఒక శాంపిల్ ఎక్కువో తక్కువో అయి తీరుతుంది. అందుకునే పెట్టె చేయగలిగినదల్లా ఆ శాంపిల్‌ను వదిలివేయడం, లేదా ముందటి శాంపిల్‌నే మరొకసారి వాడుకోవడం. మీకు వినిపించే "టక్" అదే. రెండు సెకన్లకు ఒకటి అని మీరు గమనించి రాయడం వల్ల, మీ రెండు క్రిస్టళ్ల మధ్య తేడా పది లక్షలకు 10 వంతుల చుట్టుపక్కల ఉందని ఇక్కడ కూర్చునే చెప్పవచ్చు. పరికరాలలో లోపమేమీ లేదు.

నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష చేయండి. ఫోనులో టోన్ జనరేటర్ యాప్‌తో 1 కిలోహెర్ట్‌జ్ స్వరాన్ని ప్రీఆంప్‌లోకి పంపి ఒక నిమిషం రికార్డు చేసి, రీపర్‌లో శాంపిళ్లు చుక్కలుగా కనిపించేంత వరకు జూమ్ చేయండి. ఒక్కొక్క అలలో దాదాపు 48 చుక్కలు నున్నగా, వంకర లేకుండా ఉంటాయి. "టక్" వినిపించిన చోట మాత్రం ఒక చుక్క నుండి తరువాతి చుక్కకు మధ్య మెట్టు ఎగిరినట్లు కనిపిస్తుంది. అల సున్నా గీతను దాటుతున్న చోట ఆ తెగడం జరిగితే చప్పుడు పెద్దదిగా, అల శిఖరం దగ్గర జరిగితే చిన్నదిగా వస్తుంది. అన్ని టక్కులూ ఒకేలా గట్టిగా వినిపించకపోవడానికి కారణం ఇదే. మైకు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు తెగినా తెలియదు, ఎందుకంటే సున్నా పక్కన మరొక సున్నా వస్తే వినపడేదేమీ ఉండదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చప్పుళ్లన్నీ క్లాక్ వల్లనే రావు. అన్ని చానళ్లలోనూ ఒకేసారి, ఒక లెక్క లేకుండా, కంప్యూటర్ ఏదో పనిలో మునిగినప్పుడు వచ్చేవి బఫర్ చాలకపోవడం వల్ల వచ్చేవి. బఫర్‌ను 256 నుండి 1024కు పెంచి చూడండి. చప్పుళ్లు తగ్గితే అది కంప్యూటర్ సంగతి. ఏమాత్రం మారక అదే రెండు సెకన్ల లెక్కతో వస్తూనే ఉంటే అది క్లాక్ సంగతి. 48 కిలోహెర్ట్‌జ్ దగ్గర 1024 శాంపిళ్లంటే సుమారు 21 మిల్లీసెకన్ల ఆలస్యం. నటులకు కంప్యూటర్ గుండా వచ్చే శబ్దాన్ని తిరిగి వినిపించనంత వరకు ఆ ఆలస్యంతో మీకు పని లేదు గనుక, నాటకం రికార్డింగుకు బఫర్ పెద్దదిగా ఉంచడమే మేలు.

పరిష్కారానికి వస్తే, రెండు పెట్టెలలో ఒక్కటి మాత్రమే తన సొంత క్లాక్‌తో నడవాలి, రెండవది దాన్ని అనుసరించాలి. ఏడాట్ ఆప్టికల్ తీగలో ఎనిమిది చానళ్ల శబ్దంతో పాటు క్లాక్ కూడా ప్రయాణిస్తుంది కనుక ప్రత్యేకంగా ఏమీ కొననక్కరలేదు. నాకు నచ్చే పద్ధతి ఇంటర్‌ఫేస్‌ను ఇంటర్నల్‌లోనే (సొంత క్లాక్ మీదనే) ఉంచి, దాని ఆప్టికల్ అవుట్ నుండి ప్రీఆంప్ ఆప్టికల్ ఇన్‌కు రెండవ కేబుల్ వేసి, ప్రీఆంప్ క్లాక్ సోర్స్‌ను "ఆప్టికల్" లేదా "ఏడాట్"కు మార్చడం. మీ ప్రీఆంప్‌కు ఆప్టికల్ ఇన్ లేకుండా వర్డ్ క్లాక్ (క్లాక్‌ను మాత్రమే మోసే) బీఎన్‌సీ సాకెట్ మాత్రమే ఉంటే 75 ఓంల కేబుల్ వాడండి. చూడడానికి అలాగే ఉండే 50 ఓంల ఆర్‌జీ-58 వద్దు. చివరి పెట్టె దగ్గర 75 ఓంల టెర్మినేషన్ (తీగ కొసన ఉండే నిరోధకం) ఒక్కటే ఉండాలి. పెట్టెలోనే టెర్మినేషన్ ఉన్నప్పుడు బయట మరొకటి తగిలిస్తే సిగ్నల్ బలహీనపడుతుంది. ఆప్టికల్ కేబుల్ అయిదు మీటర్ల లోపు ఉండేలా చూసుకుని, రాక్ వెనుక దాన్ని గట్టిగా మడవకుండా ఉంచండి.

కావలి కెమెరా:

పై సమాధానంలో ఒక చిన్న భేదాభిప్రాయం. రెండవ కేబుల్ లేకుండానే ప్రీఆంప్‌ను ఇంటర్నల్‌లో ఉంచి, ఇంటర్‌ఫేస్ క్లాక్ సోర్స్‌ను "ఏడాట్"కు మార్చినా సరిపోతుంది, ఎందుకంటే శబ్దం వచ్చే దారిలోనే క్లాక్ కూడా వస్తోంది. ఈ రాత్రికే నాటకం ఉండి, రెండవ కేబుల్ చేతిలో లేకపోతే ఈ మార్గం పట్టండి.

ఇక పెదవుల సంగతి. కెమెరాలో మూడవ క్రిస్టల్ ఉంది. దానికీ మీ ఇంటర్‌ఫేస్‌కూ మధ్య ఏ తీగా లేదు కనుక, ప్రీఆంప్ సమస్య పూర్తిగా తీరిన తరువాత కూడా ఇది అలాగే ఉంటుంది. ఈ రకం తేడా ఎక్కడి నుండి వచ్చిందో తెలుసుకోవడానికి దాని పరిమాణమే మంచి ఆధారం. గంటకు సెకనులో పదో వంతు, రెండు పదో వంతుల తేడా ఉంటే అది క్రిస్టళ్ల సహజ గుణం. గంటకు 3.6 సెకన్ల తేడా ఉంటే ఎక్కడో సెకనుకు 30 ఫ్రేములకూ 29.97 ఫ్రేములకూ మధ్య గందరగోళం జరిగిందని అర్థం, ఎందుకంటే ఆ రెండింటి మధ్య తేడా వెయ్యికి ఒకటి. గంట రికార్డింగు 65 నిమిషాల 18 సెకన్లకు సాగితే 48 కిలోహెర్ట్‌జ్ ఫైలును 44.1గా వాయిస్తున్నట్లు. మీది రెండు గంటలకు 0.3 సెకను. 7,200 సెకన్లతో భాగిస్తే పది లక్షలకు సుమారు 42 వంతులు వస్తుంది. మామూలు కెమెరా, మామూలు ఇంటర్‌ఫేస్ కలిస్తే ఇంత తేడాకు ఆశ్చర్యపడనక్కరలేదు. అయితే 25 ఫ్రేముల వీడియోలో ఒక్కొక్క ఫ్రేము 40 మిల్లీసెకన్లు కాబట్టి, అది ఏడు ఫ్రేములకు పైమాటే, కంటికి తప్పకుండా తగులుతుంది.

మీరు సన్నివేశానికొకసారి కోసి జరుపుతున్నారేమో, ఆ పని మానండి. తెర లేవకముందు కెమెరాకు కనిపించేటట్లు ఒక చప్పట్టు, మంగళం అయిన తరువాత మరొక చప్పట్టు కొట్టించండి. మొదటి చప్పట్టు దగ్గర శబ్దాన్నీ దృశ్యాన్నీ కలిపి, చివరి చప్పట్టు దగ్గర తేడా కొలవండి. శబ్దమే 0.3 సెకను ముందు పడుతోంది కనుక దాన్ని ఆ మేరకు సాగదీయాలి. రీపర్‌లో ఆడియో ఐటమ్ ప్లేబ్యాక్ రేటును 0.999958గా పెట్టి, శ్రుతిని నిలబెట్టే "ప్రిజర్వ్ పిచ్" ఎంపికను తప్పనిసరిగా తీసివేయండి. శ్రుతి మారుతుందేమోనని దాన్ని అలాగే ఉంచేవారు చాలామంది ఉన్నారు. ఇంత సాగదీతకు శ్రుతి మారేది అర్ధస్వరాన్ని (హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని) నూరు భాగాలు చేస్తే అందులో ఒక్క భాగంలో పదో వంతు కూడా కాదు, దాన్ని ఏ చెవీ పట్టలేదు. దానికి బదులు ఆ ఎంపిక పని చేస్తూ ఉంటే తబలా దెబ్బల అంచులు అరిగిపోయినట్లు వినిపిస్తాయి. అన్ని ట్రాకులకూ ఒకే రేటు ఇవ్వాలని వేరే చెప్పనక్కరలేదు.

చివరి చప్పట్టును నమ్మే ముందు విరామ సమయంలో మూడవ చప్పట్టు కూడా ఒకటి ఉంటే మంచిది. మధ్యలో తేడా చివరి తేడాలో సగం ఉంటే, పై లెక్క నిశ్చింతగా వాడుకోవచ్చు. అలా లేకపోతే రెండు అనుమానాలు. ఒకటి, కొన్ని కెమెరాలు 4 జీబీ నిండగానే ఫైలును తెంచి కొత్తది మొదలుపెడతాయి. ఆ అతుకు దగ్గర ఒకటి రెండు ఫ్రేములు పోయి ఉండవచ్చు, కాబట్టి ఒక్కొక్క ముక్కనూ విడిగా కలపాలి. రెండవది ఫోను. వెలుతురు తగ్గినప్పుడూ వేడెక్కినప్పుడూ ఫోను ఫ్రేముల మధ్య వ్యవధిని తనకు తోచినట్లు మారుస్తుంది. దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేటు అంటారు. మీ ఫోను దృశ్యాలు ఏ లెక్కకూ అందకపోవడానికి కారణం ఇదే అయి ఉండాలి. ఎడిటింగుకు ముందు హ్యాండ్‌బ్రేక్ వంటి సాఫ్ట్‌వేర్‌తో ఆ ఫైలును స్థిరమైన 25 ఫ్రేములకు మార్చుకోండి, ఆ తరువాతే చప్పట్ల లెక్క చూడండి.

టైమ్‌కోడ్ పెట్టె కొంటే ఇదంతా తప్పుతుందని ఎవరైనా చెబితే ఒక్కసారి ఆలోచించండి. టైమ్‌కోడ్ ఏ ఫ్రేము ఏ క్షణానిదో చెబుతుందే గాని, కెమెరా క్రిస్టల్ వేగాన్ని మార్చదు.

మూలపేట హార్మోనియం:

మూడవ సమస్య మీద నాలుగు మాటలు. అయిదుకు పైన, అయిదున్నరకూ ఆరుకూ మధ్య శ్రుతి పడుతోందని మీరు రాసిన ఆ ఒక్క వాక్యంతోనే కారణం తేలిపోయింది. 48ని 44.1తో భాగిస్తే 1.088 వస్తుంది. సంగీతం లెక్కలో అది దాదాపు ఒకటిన్నర అర్ధస్వరం, అందుకే హార్మోనియం మీద ఏ మెట్టుకూ కలవదు. ఎవరైనా కావాలని శ్రుతి పెంచి ఉంటే ఏదో ఒక మెట్టు మీద వచ్చి ఆగేది. ఫైలు నిడివి కూడా వారిని అడిగి చూడండి, వారి దగ్గర గంట ఉన్నది మీ దగ్గర 55 నిమిషాల చిల్లరకు కుదించుకుపోయి ఉంటుంది.

ఇది ఎలా జరుగుతుందంటే, ఇంటర్‌ఫేస్ బయటి క్లాక్‌ను అనుసరిస్తూ ఉంటుంది, ఆ బయటి పరికరం, ఉదాహరణకు ఎస్‌పీడీఐఎఫ్ అనే డిజిటల్ శబ్దపు తీగతో కలిపిన మరొక డిజిటల్ పెట్టె, 44.1 మీద నడుస్తూ ఉంటుంది, కంప్యూటర్‌లో ప్రాజెక్టు మాత్రం 48గా ఉంటుంది. శాంపిళ్లు సెకనుకు 44,100 చొప్పున వస్తాయి, సాఫ్ట్‌వేర్ ఆ ఫైలు నుదుట 48,000 అని రాస్తుంది. శబ్దంలో ఏ తప్పూ లేదు, చీటీ మాత్రమే తప్పు. అదే గదిలో, అదే అమరికలో తిరిగి వింటే శ్రుతి సరిగానే ఉంటుంది కనుక, అక్కడి వారికి తెలిసే అవకాశం లేదు. ఫైలు గడప దాటిన తరువాతే గుట్టు బయటపడుతుంది.

చాలామంది ఇక్కడే తొందరపడి ఫైలును 44.1కు "రీశాంపిల్" చేస్తారు. అలా చేస్తే తప్పు శ్రుతి ఫైలులో శాశ్వతంగా అచ్చుపడుతుంది. రీశాంపిల్ చేయడం వేరు, చీటీ మార్చడం వేరు. శ్రుతి సరిగా ఉండి రేటు మాత్రమే వేరుగా ఉంటే రీశాంపిల్ చేయాలి. శ్రుతే తప్పితే చీటీ మార్చాలి. ఆడాసిటీలో ట్రాకు పేరు పక్కన వచ్చే మెనూలోని "రేట్" దగ్గర 44100 ఎంచుకుంటే చీటీ మారుతుంది, శాంపిళ్లు కదలవు. పై వరుసలోని ట్రాక్స్ మెనూలో ఉన్న "రీశాంపిల్" వేరే పని చేస్తుంది, పేర్లు దగ్గరగా ఉన్నాయని పొరపడకండి. చీటీ మార్చి, అయిదు శ్రుతికి కలిసిందని హార్మోనియంతో చూసుకున్నాక, అప్పుడు మీ ప్రాజెక్టు కోసం 48కు రీశాంపిల్ చేసుకోవచ్చు.

అసలు ఈ 44.1 అనే వింత సంఖ్య మనకు ఎందుకు దాపురించిందని అడిగేవారి కోసం: తొలినాళ్లలో డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపు మీద దాచేవారు. మన టీవీల పాల్ పద్ధతిలో సెకనుకు 50 ఫీల్డులు (సగం ఫ్రేములు), ఫీల్డుకు వాడుకోగల 294 గీతలు, గీతకు మూడు శాంపిళ్లు. హెచ్చించి చూడండి, 44,100 వస్తుంది. సీడీ దాన్నే తీసుకుంది. వీడియోతో కలిసే పనికి 48 స్థిరపడింది గనుక, నాటకాలు తీసే మీరు అన్ని చోట్లా 48నే పట్టుకుని ఉండండి.

మాస్టర్ క్లాక్ పెట్టె గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను, కొనవద్దు. రెండు పెట్టెలున్న చోట ఒకదాన్ని మరొకటి అనుసరిస్తే సరిపోతుంది. నాలుగైదు డిజిటల్ పరికరాలు ఒకేసారి కలిసే పెద్ద స్టూడియోలలో దాని అవసరం వేరు. దాని వల్ల శబ్దం "తియ్యగా మారుతుంది" అనే ప్రచారం నేనూ విన్నాను. మంచి ఇంటర్‌ఫేస్ తన సొంత క్రిస్టల్‌తో నడిచేటప్పుడు బయటి క్లాక్‌ను వెంబడించేటప్పటి కంటే బాగా నడవడానికే అవకాశం ఎక్కువ. 96 సంగతి అంటారా, దానితో టక్కులు పోవు సరికదా, ఏడాట్ తీగలో ఎనిమిది చానళ్లు నాలుగవుతాయి. మైకులు చాలక ప్రీఆంప్ కొన్నవారికి ఆ సలహా ఇచ్చినవారు ఈ సంగతి ఆలోచించినట్లు లేదు.

సింహపురి శ్రోత (నెల్లూరు):

ముగ్గురికీ ధన్యవాదాలు. రెండవ ఆప్టికల్ కేబుల్ వేసి ప్రీఆంప్‌ను ఆప్టికల్‌కు మార్చాను, టోన్ పరీక్షలో అలలు చివరిదాకా నున్నగా ఉన్నాయి. పాట ఫైలు చీటీ మార్చగానే అయిదు శ్రుతికి కుదిరింది. ఒంగోలు స్టూడియో వారికి ఫోను చేస్తే, వారి ఇంటర్‌ఫేస్ ఆ రోజు ఒక పాత డిజిటల్ రికార్డరును అనుసరిస్తూ ఉందని చూసి చెప్పారు. చప్పట్ల పద్ధతి వచ్చే నాటకానికి చేస్తాను.

ఒక సందేహం మిగిలింది. నిన్న ఇంట్లో పరీక్ష చేస్తూ ఉండగా కరెంటు పోయి వచ్చింది. తిరిగి వచ్చాక ప్రీఆంప్ ముందువైపు లాక్ దీపం ఆరుతూ వెలుగుతూ ఉండిపోయింది, ఆ చానళ్లలో గరగర వచ్చింది. ఆపి మళ్లీ వేస్తే సర్దుకుంది. తిరునాళ్లలో జనరేటరుకు మారేటప్పుడు ఇలాగే జరిగితే ఏం చేయాలి? కావలి మిత్రులు చెప్పినట్లు ప్రీఆంప్‌నే మాస్టర్ చేస్తే ఈ బాధ ఉండదా?

ఒంగోలు మైకు:

ప్రీఆంప్‌ను మాస్టర్ చేస్తే ఈ బాధ తగ్గదు, స్థానం మారుతుంది. అప్పుడు ప్రీఆంప్ ఒక్కటి ఆరిపోయినా, దాని కేబుల్ ఎవరి కాలికైనా తగిలి ఊడినా, ఇంటర్‌ఫేస్‌కే క్లాక్ లేకుండా పోయి పదహారు చానళ్లూ చెడిపోయే ప్రమాదం ఉంది. ఇంటర్‌ఫేస్ మాస్టర్‌గా ఉంటే, ప్రీఆంప్‌కు ఏమైనా దాని ఎనిమిదే చెడతాయి, నటుల ముందరి ప్రధానమైన మైకులు మిగులుతాయి. అందుకే ముఖ్యమైన మైకులను ఎప్పుడూ ఇంటర్‌ఫేస్‌కే పెట్టండి.

లాక్ దీపం నిలకడగా వెలుగుతుంటే అనుసరణ కుదిరినట్లు, మినుకుమినుకుమంటే క్లాక్ అందడం లేదన్నట్లు. ఆ స్థితిలో రికార్డింగు మొదలుపెట్టవద్దు. మీ దగ్గర జరిగింది ఏమిటంటే, కరెంటు రాగానే ప్రీఆంప్ ముందు లేచింది, లాప్‌టాప్‌తో మాట్లాడి కుదురుకోవలసిన ఇంటర్‌ఫేస్ ఆలస్యంగా లేచింది, ఆ మధ్య అందిన అరకొర సిగ్నల్‌ను పట్టుకుని ప్రీఆంప్ తికమకపడింది. కాబట్టి వేసేటప్పుడు మాస్టర్‌ను ముందు వేసి, రీపర్‌లో ప్రాజెక్టు తెరిచి 48 అని కనిపించిన తరువాత ప్రీఆంప్ వేయండి. ప్రాజెక్టు తెరిచేటప్పుడు రేటు మారితే కూడా ఇదే గరగర వస్తుంది కనుక, ప్రాజెక్టు సెట్టింగులలో 48000 పెట్టి అక్కడి టిక్కు ఉంచండి. విండోస్ సౌండ్ సెట్టింగులలో కూడా ఆ పరికరానికి 48000నే ఎంచుకోండి. బ్రౌజరులో ఏదో పాట మొదలై పరికరాన్ని 44.1కు లాక్కుపోయే ఇబ్బంది కొన్ని డ్రైవర్లతో ఉంటుంది.

జనరేటరుకు మారే ఆ కొద్ది సెకన్ల కోసం ఇంటర్‌ఫేస్‌నూ ప్రీఆంప్‌నూ ఒక చిన్న యూపీఎస్ మీద పెట్టండి. ఈ రెండూ వాడే కరెంటు తక్కువ, లాప్‌టాప్‌కు దాని బ్యాటరీ ఎలాగూ ఉంది. ఆంప్లిఫయర్లను మాత్రం దానికి తగిలించవద్దు. అంత జాగ్రత్త పడినా మధ్యలో దీపం మినుకుమంటే నాటకాన్ని ఆపించనక్కరలేదు, రికార్డింగు నడుస్తూ ఉండగానే ప్రీఆంప్‌ను ఆపి మళ్లీ వేయండి; పోయేవి ఆ ఎనిమిది చానళ్లలో కొద్ది సెకన్లు, ఇంటర్‌ఫేస్ మైకులలో మాట ఉండనే ఉంటుంది. ఫాంటమ్ పవర్ (మైకులకు వాటి తీగలోనే అందే కరెంటు) తిరిగి ఎక్కేటప్పుడు పెద్ద చప్పుడు వస్తుంది గనుక ఆ చానళ్లను హాలు స్పీకర్లకు పంపుతూ ఉంటే ముందుగా వాటిని మూయడం మరువకండి.